ఇల్లు మాది, ఒడ్డు అందరిదీ: నార్వే సముద్రపు ఇళ్ళ కథ

ఈరోజు కథని ఒక ఎమోజీతో మొదలుపెడదాం. మీ ఫోన్‌లో రెండు చేతులూ చెంపలకి ఆనించి కెవ్వుమని అరిచే ముఖం ఒకటి ఉంటుంది కదా? దాన్ని చూడగానే చాలామందికి గుర్తొచ్చేది 'ది స్క్రీమ్' అనే పెయింటింగ్. 1893లో దాన్ని గీసినాయన ఎడ్వర్డ్ ముంక్, నార్వే ఆర్టిస్ట్.

ఈ ముంక్ 1898లో ఒక ఇల్లు కొన్నాడు. ఓస్లో దగ్గర సముద్రం భూమి లోపలికి పొడుగ్గా చొచ్చుకొచ్చి ఉంటుంది. అలాంటి పాయని ఫ్యోర్డ్ అంటారు. ఆ ఫ్యోర్డ్ ఒడ్డున ఓస్‌గోర్‌స్ట్రాండ్ అనే చిన్న ఊళ్ళో ఉంది ఆ ఇల్లు. బంగళా అనుకునేరు, కాదు. ఒక జాలరి ఉండిన బుల్లి చెక్క ఇల్లు. ముంక్ అక్కడ ఎండాకాలాలు గడిపేవాడు, బొమ్మలు వేసుకునేవాడు.

చిన్న విషయంలా ఉంది కదా? కానీ ఆగండి. ఒక జాలరి పని ఇల్లు, ఒక ఆర్టిస్టు సెలవు ఇల్లు అయింది. నార్వే తీరంలో ఆ తర్వాత వందేళ్ళపాటు జరిగిన కథంతా ఈ ఒక్క కొనుగోలులోనే ఉంది.

ఇలాంటి సెలవు ఇంటిని నార్వేలో 'హిత్తె' అంటారు. ఆ దేశ జనాభా సుమారు 55 లక్షలు. మన హైదరాబాద్ కంటే చాలా తక్కువ. అక్కడ హిత్తెలు ఎన్నో తెలుసా? దాదాపు 4 లక్షల 50 వేలు! అంటే ప్రతి పన్నెండు మందికీ ఒకటి చొప్పున. వాటిలో చాలా భాగం కొండల్లో, అడవుల్లో ఉంటాయి. మిగతావి సముద్రపు ఒడ్డున. మనం ఈరోజు మాట్లాడుకునేది ఈ ఒడ్డు మీద ఇళ్ళ గురించే. ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఏంటా గొడవ? ఇల్లు ఒక కుటుంబానిది, ఓకే. మరి ఆ ఇంటి ముందున్న బండరాయి ఎవరిది? ఆ ఇసుక, ఆ నీళ్ళు ఎవరివి? ఈ ఒక్క ప్రశ్నకి నార్వే రెండు వందల ఏళ్ళుగా సమాధానం వెతుక్కుంటోంది.

మొదట్లో అది సెలవు ఇల్లు కాదు

నార్వే మ్యాప్‌లో బాగా పైకి వెళ్ళండి. ఆర్కిటిక్ వృత్తం దాటాక లొఫోటెన్ అనే దీవులు కనిపిస్తాయి. ఇన్‌స్టాలో మీరు చూసే ఉంటారు. వెనక నిట్టనిలువు కొండలు, ముందు నీళ్ళ మీద కర్రల ఆసరాతో నిలబడ్డ ఎర్రటి చెక్క ఇళ్ళు. ఆ ఇళ్ళ పేరు 'రోర్బూ'. 'రో' అంటే పడవ తెడ్డు వెయ్యడం, 'బూ' అంటే ఉండే చోటు.

ప్రతి ఏడూ జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుంపులు గుంపులుగా ఇక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి కోసం తీరం పొడుగునా జాలర్లు తెడ్లేసుకుంటూ ఇక్కడికి చేరేవాళ్ళు. గడ్డకట్టే చలి. పడుకోవడానికి చోటు లేక, పడవ బోర్లించి దాని కింద పడుకునే రోజులు కూడా ఉండేవి. 1120 ప్రాంతంలో ఐస్టెయిన్ అనే రాజు వీళ్ళకోసం ఇళ్ళు కట్టించాడని చెబుతారు. రోర్బూల కథ అక్కడి నుంచి మొదలు. ఒక పక్క వలలు, తాళ్ళు. ఇంకో పక్క పడకలు, పొయ్యి. తడి బట్టలు, చేపల వాసన, పని.

తర్వాతి కాలంలో ఏమైందంటే, ఆ ఒడ్డు, ఆ రోర్బూలు స్థానిక ఆసాముల చేతుల్లోకి వెళ్ళాయి. నార్వేలో వాళ్ళని 'వేరైయర్' అనేవాళ్ళు, అంటే జాలరి పల్లెకి యజమాని. రోర్బూలో ఉండాలంటే ఆయన దగ్గర అద్దెకి తీసుకోవాలి. అద్దెకి తీసుకున్నాక పట్టిన చేపని ఆయనకే అమ్మాలి. 1816లో వచ్చిన చట్టం ఇంకా ఒక అడుగు ముందుకేసింది. ఒడ్డు ఎవరిదో, దాని ముందున్న సముద్రంలో చేపలు పట్టే చోటు మీద కూడా వాళ్ళ పెత్తనమే అంది.

ఒక్కసారి ఆలోచించండి. సముద్రానికి కూడా హద్దురాళ్ళు పాతినట్టే కదా!

జాలర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చివరికి 1857లో కొత్త చట్టం వచ్చింది. లొఫోటెన్ సముద్రం అందరికీ ఓపెన్. ఎవరైనా వచ్చి చేపలు పట్టుకోవచ్చు. ఈ 1857ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇరవయ్యో శతాబ్దంలో ఇంజిన్ పడవలు వచ్చాయి, వాటిలోనే పడుకునే సదుపాయం వచ్చింది. రోర్బూలతో పని తగ్గిపోయింది. 1960ల తర్వాత అవే ఇళ్ళు టూరిస్టులకి అద్దెకివ్వడం మొదలైంది. జాలరి చలికి వణుకుతూ పడుకున్న గదిలో ఇప్పుడు మనలాంటి వాళ్ళు డబ్బు కట్టి మరీ పడుకుంటున్నారు.

తెరచాపలు పోయాయి, ఇళ్ళు మిగిలాయి

ఇప్పుడు మ్యాప్‌లో బాగా కిందికి రండి. దక్షిణ తీరం. అరెండాల్, గ్రిమ్‌స్టాడ్, రిసోర్, క్రాగెరో లాంటి ఊళ్ళు. తెల్లటి పెయింట్ వేసిన చెక్క ఇళ్ళు, సన్నటి సందులు, ప్రతి ఇంటి ముందూ జెట్టీ.

1880 ప్రాంతంలో ప్రపంచంలోనే మూడో పెద్ద వాణిజ్య నౌకాదళం నార్వేది. దానిలో పెద్ద వాటా ఈ ఊళ్ళదే. అన్నీ చెక్కతో చేసిన తెరచాప ఓడలు. ఈ ఇళ్ళలో కెప్టెన్లు, నావికులు, ఓడలు కట్టే వడ్రంగులు ఉండేవాళ్ళు. ఈలోపు ప్రపంచం ఆవిరి ఓడలకి మారిపోయింది. వీళ్ళు మారడం ఆలస్యం చేశారు. 1886లో అరెండాల్‌లో బ్యాంకులు కుప్పకూలాయి. దాచుకున్నవాళ్ళ డబ్బు గల్లంతయింది, ఓడల పని ఆగిపోయింది. జనం అమెరికా దారి పట్టారు. అసలు 1825 నుంచి వందేళ్ళలో నార్వే నుంచి 8 లక్షల మందికి పైగా ఉత్తర అమెరికాకి వెళ్ళిపోయారు. ఒక చిన్న దేశానికి అది ఎంత పెద్ద సంఖ్యో చూడండి.

అలా తీరంలో చాలా ఇళ్ళు ఖాళీ అయ్యాయి, చౌకగా దొరికాయి. సిటీలో డబ్బున్నవాళ్ళు వాటిని సెలవుల కోసం కొనడం మొదలుపెట్టారు. మనం ఇప్పుడు చూసి ఎంత ముచ్చటగా ఉందో అనుకునే ఆ ఊళ్ళ అందం వెనక ఒక దివాలా కథ ఉంది. కొత్తవి కట్టుకునే డబ్బు లేకే పాత ఇళ్ళు అలాగే మిగిలిపోయాయి.

టెంటు నుంచి చెక్క ఇంటికి

ఇంతవరకూ ఇది డబ్బున్నవాళ్ళ కథ. మరి ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి సంగతేంటి?

ఓస్లో నగరం ముందే, పడవెక్కితే నిమిషాల్లో చేరే దీవులున్నాయి. లిండొయా, నాక్‌హోల్మెన్, బ్లైకొయా. నగరంలో కార్మికులు ఎండాకాలంలో అక్కడికెళ్ళి టెంట్లు వేసుకునేవాళ్ళు. 1922లో అక్కడ చిన్న చిన్న ఇళ్ళు కట్టుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. కానీ ఒక షరతు. నేల మాత్రం ప్రభుత్వానిదే. కుటుంబం అద్దె కడుతుంది, పైన ఉన్న ఇల్లు మాత్రం వాళ్ళది. ఏడాది పొడుగునా కాపురం ఉండకూడదు. ఒక్క లిండొయా మీదే ఇప్పుడు సుమారు 300 ఇళ్ళున్నాయి. పక్కపక్కనే, బొమ్మరిళ్ళలా.

ఇల్లుంటే సరిపోదు, వెళ్ళడానికి సెలవు కావాలి కదా? అదీ మెల్లగానే వచ్చింది. 1936 చట్టం కార్మికులకి జీతంతో 9 రోజుల సెలవు ఇచ్చింది. 1947లో అది మూడు వారాలైంది. 1964లో నాలుగు వారాలు. ఇంకొకటి, నార్వేలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత చాలా ఏళ్ళు సొంతానికి కారు కొనాలంటే పర్మిట్ ఉండాలి. 1960 అక్టోబర్ 1న ఆ రేషన్ ఎత్తేశారు. అదే రోజుల్లో ప్లాస్టిక్ పడవలు, చిన్న ఇంజిన్లు మార్కెట్లోకి వచ్చాయి.

సెలవు వచ్చింది, కారు వచ్చింది, పడవ వచ్చింది. ఇక జనం ఊరుకుంటారా? అందరూ ఒడ్డుకే. రైతు దగ్గర ఒక ముక్క రాతి నేల కొనుక్కో, చెక్కలు మోసుకొచ్చి నాన్న, బాబాయ్, మామయ్య కలిసి ఒక ఎండాకాలంలో ఇల్లు లేపెయ్. కరెంటు లేదు, కుళాయి లేదు. బావి నీళ్ళు, కిరోసిన్ దీపం, ఇంటికి దూరంగా చెక్క దొడ్డి. పొద్దున మాకెరెల్ పట్టడం, అంటే మన కానాగంతల జాతి చేప. సాయంత్రం జెట్టీ మీద కూర్చుని రొయ్యలు ఒలుచుకు తినడం. జూన్ 23 రాత్రి ఒడ్డున పెద్ద మంట వేసుకుని ఊరంతా చేరడం.

ఇలాంటి ఇళ్ళలో ఒక పుస్తకం ఉంటుంది, దాని పేరు 'హిత్తెబోక్'. వచ్చిన ప్రతివాళ్ళూ అందులో రాయాలి. ఏ రోజు వచ్చాం, ఎవరెవరం వచ్చాం, గాలి ఎటు వీచింది, ఎన్ని చేపలు పడ్డాయి, పైకప్పులో ఎక్కడ కారుతోంది. గొప్ప సాహిత్యమేం కాదు. కానీ నలభై, యాభై ఏళ్ళ పేజీలు తిరగేస్తే తాత చేతిరాత, తర్వాత నాన్న చేతిరాత, తర్వాత ఐదేళ్ళప్పుడు నువ్వు వంకరటింకరగా రాసుకున్న నీ పేరు. ఒక మామూలు కుటుంబానికి అంతకంటే చరిత్ర పుస్తకం ఏముంటుంది చెప్పండి?

1957: ఒడ్డు అందరిదీ

ఇప్పుడు అసలు మలుపు. అందరూ ఒడ్డు మీద ఇల్లు కడుతూ పోతే, ఇల్లు లేనివాడు సముద్రం దగ్గరికి ఎటు నుంచి వెళ్ళాలి?

నార్వేలో పాతకాలం నుంచీ ఒక అలవాటు ఉంది. సాగులో లేని నేల మీద, అడవిలో, కొండ మీద, ఒడ్డు మీద ఎవరైనా నడవొచ్చు. ఆ నేల ఎవరిదైనా సరే. దీన్ని 'అల్లెమన్స్‌రెత్తెన్' అంటారు, అంటే ప్రతి మనిషికీ ఉన్న హక్కు. ఒడ్డు మీద ఒత్తిడి పెరిగేసరికి, 1957లో ఈ అలవాటుని చట్టంగా రాసిపెట్టారు.

1857లో సముద్రం అందరిదీ అన్నారని గుర్తుందా? సరిగ్గా వందేళ్ళకి, ఒడ్డు మీద నడిచే హక్కు అందరిదీ అని రాశారు.

ఆ చట్టం ఎంత ప్రాక్టికల్‌గా ఉంటుందో చూడండి. ఎవరైనా సముద్రంలో స్నానం చెయ్యొచ్చు, కానీ జనం ఉన్న ఇంటికి తగినంత దూరంలో. టెంటు వేసుకోవచ్చు, కానీ జనం ఉన్న ఇంటికి కనీసం 150 మీటర్ల దూరంలో. ఒకే చోట రెండు రోజులకి మించి ఉండాలంటే మామూలుగా యజమానిని అడగాలి. ఇంటివాళ్ళకీ రూల్ ఉంది. మనుషులకి నడిచే హక్కున్న చోట అడ్డంగా కంచె కట్టకూడదు, జనాన్ని భయపెట్టి పంపించేలా తప్పుడు బోర్డు పెట్టకూడదు.

మీ ఇంటి గడపలోకి ఎవరూ రారు. కానీ గడప ఎక్కడ ముగుస్తుందో మీరొక్కరే నిర్ణయించలేరు. ఇదీ ఆ చట్టం సారం.

నడిచే హక్కు ఒక్కటే చాలలేదు. ఇళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. 1965 జూన్‌లో ఇంకో చట్టం తెచ్చారు. నీళ్ళ నుంచి 100 మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు. మొదట తాత్కాలికం అన్నారు, 1971లో దాన్ని శాశ్వత చట్టంగా మార్చారు. ఈరోజుకీ ఆ 100 మీటర్ల గీత అలాగే ఉంది. దీవులు, ఫ్యోర్డులు అన్నీ కలిపి కొలిస్తే నార్వే తీరం లక్ష కిలోమీటర్లు. ఆ మొత్తం తీరానికి ఒకటే గీత!

తాతగారి ఇల్లు, ముగ్గురు పిల్లలు

అదే 1965 జూన్‌లో ఇంకో చట్టం కూడా వచ్చింది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఉమ్మడి ఆస్తి చట్టం. నన్నడిగితే తీరం మీద కుటుంబాల కథకి అసలు కీలకం అదే.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత 1958లో ఒడ్డు మీద ఇల్లు కట్టాడు. ఆయన పోయాక ముగ్గురు పిల్లలకి సమాన వాటా వచ్చింది. పొలమైతే మూడు ముక్కలు చెయ్యొచ్చు. యాభై చదరపు మీటర్ల చెక్క ఇంటిని ఎలా కోస్తారు? పక్కన ఇంకోటి కడదామా అంటే 100 మీటర్ల గీత అడ్డం.

సో, ముగ్గురూ కలిసి పెట్టుకున్నారు. మొదటి రెండేళ్ళు బాగానే ఉంటుంది. తర్వాత మొదలవుతుంది. జులైలో మంచి మూడు వారాలు ఎవరివి? పెయింట్ ఎవరు వెయ్యాలి? శీతాకాలం ముందు గొట్టాల్లో నీళ్ళు వంపేసి రావాలి, లేకపోతే గడ్డకట్టి పగిలిపోతాయి. ప్రతి ఏడూ అన్నయ్యే ఎందుకు వెళ్ళాలి? చెల్లెలు దూరంగా ఉంటుంది, ఏడాదికి ఒక వారం వస్తుంది, ఖర్చు మాత్రం మూడోవంతు కట్టాలి. తమ్ముడు కరెంటు పెట్టిద్దాం అంటాడు. అన్నయ్య, నాన్న దీపం వెలుగులో ఉన్నారు, మనమూ అలాగే ఉందాం అంటాడు.

వింటుంటే తెలిసిన ఇంటి కథలా ఉంది కదూ? మన ఊళ్ళలో తాతగారి పెంకుటిల్లు పంపకాల్లో వినపడే మాటలే ఇవి. భాష వేరు, అంతే.

ఆ చట్టం ఏమంటుందంటే, మామూలు నిర్ణయాలకి వాటాల ప్రకారం మెజారిటీ చాలు. ఒకరు తమ వాటా అమ్ముకుంటే మిగతావాళ్ళకి ముందుగా కొనే హక్కు ఉంటుంది. కానీ ఇంకో క్లాజ్ ఉంది. ఏ ఒక్కరైనా, తగినంత గడువిచ్చి, ఈ ఉమ్మడి వద్దు అని అడగొచ్చు. పంచడానికి కుదరని ఆస్తి అయితే చివరికి అమ్మకానికి వెళ్ళొచ్చు. అంటే ఇద్దరు ఉంచుకుందాం అన్నా, మూడోవాళ్ళు పట్టుబడితే తాత కట్టిన ఇల్లు బయటివాళ్ళ చేతికి పోవచ్చు. ఆ ఇద్దరి దగ్గర మూడో వాటా కొనే డబ్బు లేకపోతే అంతే సంగతులు.

అందుకే తెలివైన కుటుంబాలు ముందే ఒక కాగితం రాసుకుంటాయి. ఎవరికి ఏ వారాలు, ఏటా ఎంత డబ్బు జమ చెయ్యాలి, ఒకరు బయటికి వెళ్తామంటే ఇంటికి ధర ఎలా కట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. ప్రేమ ఉన్నప్పుడే కాగితం రాసుకోవాలి. కోపం వచ్చాక రాసుకునే కాగితం లాయర్ నోటీసే.

కాపాడిన చట్టమే తలుపు మూసింది

ఇప్పుడు చివరి మెలిక. 100 మీటర్ల గీత ఒడ్డుని కాపాడింది, డౌట్ లేదు. అది లేకపోతే దక్షిణ తీరమంతా ఇళ్ళ వరుస అయిపోయేది. కానీ దానివల్ల ఇంకోటి కూడా జరిగింది. 1965కి ముందు కట్టుకున్నవాళ్ళ పక్కన ఇక కొత్తవాళ్ళు రావడం కష్టమైపోయింది. దొరకని సరుకు ధర ఏమవుతుంది? పెరుగుతుంది. పైగా 1969 చివర్లో ఉత్తర సముద్రంలో నార్వే వైపు ఎకోఫిస్క్ దగ్గర పెద్ద చమురు నిల్వ దొరికింది, దేశం ధనిక దేశమైంది. రాతి నేల మీద మామూలు మనిషి నిలబెట్టుకున్న చెక్క ఇల్లు ఇప్పుడు అదే మనిషి మనవడి ఈడువాళ్ళు కొనలేని ఆస్తి.

2014 నుంచి నార్వేలో వారసత్వ పన్ను కూడా లేదు. సెలవు ఇంటిని ఐదేళ్ళకి పైగా ఉంచుకుని, చివరి ఎనిమిదేళ్ళలో ఐదేళ్ళయినా సొంతానికి వాడుకుంటే, అమ్మినప్పుడు వచ్చే లాభం మీద కూడా పన్ను లేదు. అంటే తాత కట్టి ఉంటే నీకుంది. తాత కట్టకపోతే నీకు చాలా కష్టం.

ఇంకో పక్క, స్థానిక మున్సిపాలిటీలు ఆ 100 మీటర్లలో కూడా ప్రత్యేక మినహాయింపులు ఇవ్వగలవు. ఒక జెట్టీ, ఒక వరండా, ఒక గది. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. అన్నీ కలిస్తే ఒడ్డు తరుగుతుంది. ఓస్లో ఫ్యోర్డ్ చుట్టూ ఆ 100 మీటర్ల నేలలో సగానికి పైగా ఇప్పటికే ఇళ్ళు, రోడ్లు, రైలు పట్టాలు, పొలాల కిందికి పోయింది. అందుకే 2011లో ప్రభుత్వం తీరాన్ని ఒత్తిడిని బట్టి విడదీసి, ఓస్లో ఫ్యోర్డ్ వైపు అన్నిటికంటే గట్టిగా ఉండాలని చెప్పింది. క్రాగెరో లాంటి ఊళ్ళు ఇంకో దారి పట్టాయి. కాపురం ఉండే ఇంటిని కొంటే అందులో కాపురమే ఉండాలి, సెలవు ఇల్లుగా మార్చకూడదు అన్నాయి. ఎందుకంటే అన్నీ సెలవు ఇళ్ళయిపోతే జనవరి రాత్రి ఆ ఊళ్ళో ఒక్క కిటికీలో కూడా లైటు వెలగదు. స్కూలు మూతపడుతుంది, కిరాణా కొట్టు మూతపడుతుంది.

ఇంకొక్క మాట. హిత్తెబోక్‌లో ఎన్ని చేపలు పడ్డాయో రాస్తారన్నాను కదా? 2019 నుంచి ఓస్లో ఫ్యోర్డ్‌లో, ఆ పక్క తీరంలో కాడ్ పట్టడమే నిషేధం. ఆ చేప అంత తగ్గిపోయింది. పాత పేజీల్లో తాత రాసిన కాడ్ లెక్కలుంటాయి. కొత్త పేజీల్లో ఆ గడి ఖాళీ.

సో ఫ్రెండ్స్, ఈ కథలో నాకు అర్థమైంది ఇది. ఒడ్డు మీద ఇల్లు ఉండటం గొప్ప అదృష్టమే. కానీ నార్వేవాళ్ళు ఆ అదృష్టానికి మొదట్నుంచీ ఒక షరతు పెట్టారు. ఇల్లు నీది, ముందున్న బండమీద నుంచి నడిచి వెళ్ళే పరాయివాడు దొంగ కాదు. ఆ షరతుని నిలబెట్టుకోగలిగినంత కాలమే ఆ ఒడ్డు అందంగా ఉంటుంది. సమస్య ఏంటంటే, నడిచే హక్కు అందరికీ పంచగలిగారు. ఇల్లు ఉండే అదృష్టాన్ని పంచలేకపోయారు.

మీ ఇంట్లో ఇలాంటి ఉమ్మడి ఇల్లు ఉందా? తాతగారిదో, అమ్మమ్మగారిదో? దానికి ఒక నోట్‌బుక్ కొని పెట్టండి. ఈసారి వెళ్ళినప్పుడు తేదీ వేసి, ఎవరెవరు వచ్చారో, ఏం వండుకున్నారో, ఎక్కడ కారుతోందో రాయండి. వాటాల కాగితం పెద్దవాళ్ళు చూసుకుంటారు. ఈ కాగితం మాత్రం మీరే మొదలుపెట్టాలి. రాశాక మొదటి లైను కామెంట్‌లో పెట్టండి, నేను చదువుతాను. మళ్ళీ కలుద్దాం.